బాత్ బాంబుల కథ: నీరు, బుడగలు, పరిమళం

విదేశాలలో స్థిరపడిన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తెచ్చే కానుకలలో ఈ మధ్య ఒక కొత్త వస్తువు కనిపిస్తోంది. చేతిలో ఇమిడే గుండ్రని ముద్ద. రంగు చూసి మిఠాయి అనుకొని పొరబడే పెద్దలూ లేకపోలేదు. స్నానపు తొట్టెలో వెచ్చని నీరు నింపి దానిని వదిలితే బుస్సుమని పొంగి, గిరగిర తిరుగుతూ కరిగిపోయి, నీటికి రంగునూ గదికి పరిమళాన్నీ ఇస్తుంది. దీని పేరు బాత్ బాంబ్. లావెండర్, గులాబీ, నారింజ, నీలగిరి, వెనిలా అంటూ ఎన్నో వాసనలలో ఇప్పుడు మన నగరాల అంగళ్ళలోనూ దొరుకుతోంది.

వీటిలో ఏ పరిమళం ఎక్కువ విశ్రాంతినిస్తుంది? ఏది నిద్ర పట్టిస్తుంది? ఏది ఒంటినొప్పులు తగ్గిస్తుంది? పెట్టెల మీది రాతలు చదివినవారికి ఈ ప్రశ్నలు కలగడం సహజం. జవాబు చెప్పాలంటే ముందు ఆ ముద్ద పుట్టుక తెలియాలి. అందులో మూడు వేర్వేరు చరిత్రలు కలిసి ఉన్నాయి: వెచ్చని నీటిది ఒకటి, బుడగలది ఒకటి, పరిమళానిది ఒకటి. ఈ మూడింటిలో ఏది మన శరీరం మీద నిజంగా పనిచేస్తుందో విడదీసి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వెచ్చని నీరు

వెచ్చని నీటిలో మునిగి సేదతీరడం చాలా పాత అలవాటు. రోమనుల స్నానశాలలలో చల్లని గది, గోరువెచ్చని గది, వేడి గది వేరువేరుగా ఉండేవి. క్రీ. శ. 216లో రోములో ప్రారంభమైన కారకల్లా స్నానశాల శిథిలాలను చూస్తే స్నానం వారికి ఎంత పెద్ద సామాజిక కార్యమో తెలుస్తుంది. మన ప్రాంతానికి దగ్గరగా చూస్తే, కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో రాజభోగాలను వర్ణించే భాగంలో స్నానభోగానికి ప్రత్యేకస్థానం ఉంది. కాకతీయులు తొలినాళ్ళలో ఆ చాళుక్యులకే సామంతులు. రాజుల భోగం అలా ఉంటే, సామాన్యుల ఇళ్ళలో దీపావళి, సంక్రాంతి పండుగలకు నువ్వులనూనె మర్దన, సున్నిపిండి నలుగు, కుంకుడుకాయ రసం, కాగులో కాగిన నీళ్ళు, తడి జుట్టుకు సాంబ్రాణి ధూపం ఉండేవి. మనకు తొట్టె లేదు కాని, వేడి, నూనె, పరిమళం మూడూ ఉన్నాయి.

ఇన్ని నాగరికతలు వెచ్చని నీటిని ఆశ్రయించడానికి శారీరక కారణాలు ఉన్నాయి. వెచ్చదనానికి చర్మంలోని రక్తనాళాలు విప్పారుతాయి. బిగిసిన కండరాలు సడలుతాయి. మెడ వరకు నీటిలో ఉన్నప్పుడు నీరు దేహభారాన్ని చాలావరకు తానే మోస్తుంది. కీళ్ళ నొప్పులు ఉన్నవారికి నీటిలో హాయిగా అనిపించేది ఇందుకే. నీటి ఒత్తిడి వలన కాళ్ళలోని రక్తం ఛాతీ వైపు చేరుతుంది. మూత్రపిండాలు దానికి స్పందించి ఎక్కువ మూత్రాన్ని విసర్జిస్తాయి. స్నానం ముగిశాక విప్పారిన చర్మనాళాల ద్వారా దేహం వేడిని కోల్పోతుంది. ఆ చల్లబడడం నిద్రకు సాయపడుతుంది. 2019లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి, పడుకొనే సమయానికి ఒకటి రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల సెల్సియస్ వేడి గల నీటితో పది నిమిషాలు స్నానం చేసినా నిద్ర త్వరగా పడుతుందని తెలిపారు. వారు పరిశీలించినది నీటి వేడినే కాని, అందులో కలిపిన వస్తువులను కాదు.

బుడగలు

ఇక బుడగల సంగతి. 1767లో ఇంగ్లాండులోని లీడ్స్ నగరంలో జోసెఫ్ ప్రీస్ట్లీ బీరు తయారయ్యే తొట్ల పైన పేరుకొనే వాయువును నీటిలో కలిపి, ఆ నీటికి చక్కని పులుపు రుచి వస్తున్నదని గమనించాడు. 1772లో ఆ పద్ధతిని ప్రచురించాడు. మన గోలీ సోడాకు మూలపురుషుడు ఆయనే. ఆ వాయువే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డై ఆక్సైడ్. 1784లో స్వీడన్ రసాయనవేత్త కార్ల్ షీలే నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లాన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు. మన వంటిళ్ళలో నిమ్మఉప్పు అనేది దానినే. వంటసోడా, నిమ్మఉప్పు పొడిగా పక్కపక్కన ఉన్నంతసేపు మౌనంగా ఉంటాయి. నీరు తగలగానే చర్య మొదలై బొగ్గుపులుసు వాయువు పొంగుతుంది. బాత్ బాంబులోని రసాయనశాస్త్రం ఇంతే.

అయితే బుడగల నీటిలో స్నానం చేయడం కొత్తది కాదు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ సమీపాన బాద్ నౌహైమ్ అనే ఊరిలో బొగ్గుపులుసు వాయువుతో కూడిన ఉప్పునీటి ఊటలు ఉన్నాయి. 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో బెనెకె అనే వైద్యుడు, ఆ తరువాత ఔగుస్ట్, థియొడోర్ అనే షాట్ సోదరులు అక్కడ గుండెజబ్బులకు స్నానచికిత్స చేశారు. ఆ ఊరికి వెళ్ళలేనివారి కోసం ఇతర దేశాల వైద్యులు మామూలు తొట్టెలోనే వంటసోడా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి కృత్రిమ నౌహైమ్ స్నానాలను తయారుచేశారు. నేటి బాత్ బాంబుకు ఆ తొట్టెను ఒక పెద్దన్నగా చెప్పుకోవచ్చు.

నౌహైమ్ చికిత్స మనకొక పాఠం నేర్పుతుంది. చర్మం ద్వారా కొద్దిగా లోనికి చేరే ఆ వాయువు చర్మపు రక్తనాళాలను విప్పారజేస్తుందన్నది వాస్తవమే. కాని షాట్ సోదరుల చికిత్సలో స్నానాలు మాత్రమే లేవు. క్రమబద్ధమైన వ్యాయామాలు ఉన్నాయి. ఇంటి బాధ్యతలకు దూరంగా వారాల తరబడి విశ్రాంతి ఉంది. రోగికి కలిగిన మేలులో ఏ భాగం ఎవరి చలవో వేరుచేయడం కష్టం. పేరు మాత్రం బుడగలకే దక్కింది. గుండె వైఫల్యానికి సమర్థమైన ఔషధాలు వచ్చాక ఆ చికిత్స ప్రధాన వైద్యం నుంచి తొలగిపోయింది.

20వ శతాబ్దంలో ఈ పొంగే పొడి చౌక అయింది. అంతవరకు నిమ్మపండ్ల మీదే ఆధారపడిన సిట్రిక్ ఆమ్లాన్ని ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజుతో చక్కెర నుంచి చేయవచ్చునని 1917లో జేమ్స్ కరీ చూపించాడు. 1919లో ఫైజర్ సంస్థ ఆ తయారీని చేపట్టింది. 1931లో అమెరికాలో ఆల్కా సెల్ట్జర్ అనే పొంగే మాత్ర తలనొప్పికి, కడుపుమంటకు అమ్మకానికి వచ్చింది. వేడినీటి తొట్టె దినచర్యగా గల జపాన్‌లో 1983లోనే కావో అనే సంస్థ బొగ్గుపులుసు వాయువును విడిచే స్నానపు బిళ్ళలను విడుదల చేసింది. చివరకు 1989లో ఇంగ్లాండులో మో కాన్‌స్టంటైన్ అనే సౌందర్యసాధనాల నిపుణురాలు ఆల్కా సెల్ట్జర్ బిళ్ళను చూసి స్ఫూర్తి పొంది, తన పెరటి షెడ్డులో వంటసోడా, సిట్రిక్ ఆమ్లం, సుగంధ తైలాలు కలిపి ముద్దలు చేసింది. మొదట వాటి పేరు ఆక్వా సిజ్లర్స్. 1995లో ఆమె, భర్త, మరికొందరు కలిసి నెలకొల్పిన లష్ సంస్థ ద్వారా అవి లోకమంతా వ్యాపించాయి.

ఈ బుడగలు నౌహైమ్ బుడగలంతటి పని చేస్తాయా? చిన్న లెక్క వేద్దాము. ఒక ముద్దలో వంద గ్రాముల వంటసోడా ఉందనుకొందాం. అది పూర్తిగా చర్య పొందితే సుమారు 52 గ్రాముల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. 150 లీటర్ల తొట్టెలో అది లీటరుకు గ్రాములో మూడవ వంతు. అందులోనూ చాలా భాగం పొంగి గాలిలో కలిసిపోతుంది. జర్మనీలో ఒక ఊటను బొగ్గుపులుసు వైద్యజలంగా పరిగణించాలంటే లీటరుకు కనీసం ఒక గ్రాము ఉండాలి. కనుక బాత్ బాంబు బుడగలు కంటికీ చెవికీ విందు. రక్తనాళాలకు వాటితో పెద్ద పని లేదు.

పరిమళం

పూర్వం పరిమళమంటే పూలు, బెరళ్ళు, బంకలు, కస్తూరి. అది సంపన్నుల సొత్తు. 1868లో విలియం పెర్కిన్ కూమరిన్ అనే సుగంధ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. 1874లో జర్మన్ శాస్త్రవేత్తలు టీమాన్, హార్మాన్ వెనిలా పరిమళాన్నిచ్చే వెనిలిన్‌ను తయారుచేశారు. అక్కడినుంచి సువాసన కర్మాగారంలో పుట్టే సరుకు అయింది. సుగంధ తైలాలతో చికిత్స అనే అర్థంలో అరోమాథెరపీ అనే మాటను ప్రచారంలోకి తెచ్చినది ఫ్రెంచి రసాయనవేత్త రెనె మోరిస్ గాట్‌ఫోసె. అదే పేరుతో ఆయన పుస్తకం 1937లో వెలువడింది.

వాసన మనసును తాకుతుందనడంలో అసత్యం లేదు. ముక్కులోని ఘ్రాణనాడుల నుంచి బయలుదేరే సంకేతాలు భావోద్వేగాలకు, జ్ఞాపకాలకు స్థానమైన మెదడు భాగాలను చాలా దగ్గరి దారిలో చేరుతాయి. అందుకే ఒక వాసన ఇచ్చే ఊరట మనిషికీ మనిషికీ మారుతుంది. ఇంగ్లాండులో అమ్మమ్మ బీరువాలోని లావెండర్ సంచి వాసనతో పెరిగిన మనిషికి లావెండర్ శాంతినిస్తుంది. తలంటు తరువాత సాంబ్రాణి పొగలో కూర్చొని పెరిగినవారికి ఆ సాంబ్రాణి, లేదా వేసవి సాయంత్రపు మల్లెలు ఆ పని చేస్తాయి. పెట్టె మీద రాసిన గుణాల కంటె మీ జ్ఞాపకమే మీకు మంచి మార్గదర్శి.

ఈ పరిమళాలకు మరొక ముఖం ఉంది. సువాసన ద్రవ్యాలు చర్మపు అసహనాలకు తరచు కారణమయ్యే పదార్థాలలో ఉన్నాయి. 2003లో ఐరోపా సమాఖ్య 26 సువాసన పదార్థాల పేర్లను, నిర్ణీత పరిమాణం మించినప్పుడు, పెట్టెల మీద విడివిడిగా ముద్రించాలని శాసించింది. 2023లో ఆ పట్టికను ఎనభైకి మించి పెంచింది. లావెండర్‌లోని లినలూల్, నారింజ తొక్కలోని లిమొనీన్ మొదటి పట్టికలోనే ఉన్నాయి. ప్రకృతి నుంచి వచ్చినంత మాత్రాన ఏదీ నిరపాయకరం కాదు.

పరీక్షించి చూడదలచిన వారికి

వివిధ పరిమళాలను ప్రయత్నించాలని ఉంటే తప్పక ప్రయత్నించండి. అది నిర్దోషమైన వేడుక. ఒకసారికి ఒకటే వాడి, రెండు మూడు దినాలు ఆగి మరొకటి వాడండి. అప్పుడే దురద గాని, దద్దుర్లు గాని వస్తే కారణమేదో తెలుస్తుంది. స్నానం పదిహేను నిమిషాలు చాలు. తరువాత మంచినీటితో ఒళ్ళు కడుగుకొని, చర్మం తడిగా ఉండగానే లేపనం రాసుకోండి. గజ్జి తామరలు, పగిలిన చర్మం, పుళ్ళు ఉన్నవారు, జననాంగాల వద్ద మంట, దురద తరచు వచ్చే స్త్రీలు వీటిని మానడం మేలు. చిన్నపిల్లలకు రంగులూ వాసనలూ లేని నీరే మంచిది. ఉబ్బసం ఉన్నవారికి ఘాటైన వాసనలు ఆయాసాన్ని రేపవచ్చు.

అసలు ప్రమాదం మాత్రం ముద్దలో కంటె నీటి వేడిలోనే ఎక్కువ. జపాన్‌లో చలికాలంలో వృద్ధులు స్నానపు తొట్టెలలో స్పృహ తప్పి మరణించడం అక్కడి వైద్యులను చిరకాలంగా కలవరపెడుతున్న సమస్య. విప్పారిన రక్తనాళాలతో హఠాత్తుగా లేచి నిలబడితే రక్తపుపోటు పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. ముద్దలోని నూనెలు తొట్టె అడుగును జారుడు చేస్తాయి. ఈ రెండూ కలిస్తే తుంటి ఎముక విరగడానికి ఒక్క క్షణం చాలు. రక్తపుపోటు మందులు వాడేవారు, గుండెజబ్బులు ఉన్నవారు, గర్భవతులు 38 డిగ్రీలు దాటని నీటిని ఎంచుకోవాలి. మద్యం సేవించి తొట్టెలో దిగరాదు. లేచేటప్పుడు ముందు నీటిని వదిలి, కాసేపు కూర్చొని, పట్టుకమ్మీ ఆసరాతో లేవాలి.

మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి మరొక మాట. నీరు కాలుతున్న సంగతి మీ పాదం మీకు చెప్పదు. బొబ్బ, ఆపై పుండు, ఒక్కొక్కప్పుడు వేలు తీసివేయవలసి రావడం: ఇది వైద్యులందరూ చూసే వరుస. నీటి వేడిని ఉష్ణమాపకంతోనో, స్పర్శ సరిగా ఉన్న ఇంట్లోవారి మోచేతితోనో చూడండి. పాదాలను నీటిలో నానబెట్టవద్దు.

తొట్టె లేనివారు, నీటి ఎద్దడి ఉన్న ఊళ్ళవారు చింతించనక్కరలేదు. స్పర్శజ్ఞానం చక్కగా ఉన్నవారైతే వెడల్పాటి బేసినులో గోరువెచ్చని నీరు పోసి, పడుకొనే ముందు పది నిమిషాలు పాదాలు ఉంచండి. మరీ ముచ్చటైతే నాలుగు మల్లెపూలు వేసుకోండి.