ధాత కరువు పండు

కళ్యాణదుర్గం దాటి కంబదూరు మీదుగా పావగడ వైపు పోతుంటే, చేను అయిపోయి గయాళు మొదలయ్యే చోట, గుండ్ల సందుల్లో నాగజెముడు పొదలు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. మా ఊళ్లో దాన్ని నాగదాళి అంటారు. కన్నడం మాట్లాడే ఇళ్లలో పాపాసుకళ్ళి. అరచేయి కంటే పెద్ద మట్టలు, మట్ట నిండా గుత్తులు గుత్తులుగా పసుపు పచ్చని ముళ్లు, పసుపు పూలు, పండితే ముదురు ఊదా ఎరుపు రంగు కాయలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని జిల్లా మాది. ఆ వాన కూడా ఎగ్గొట్టిన ఏడు శనక్కాయ చేను ఊడ్చుకుపోయినా ఈ పొద మాత్రం వాడదు. పగలు ఎండకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకునే మొక్క ఇది. తాగిన నీళ్లను మట్టల్లో జిగురుగా దాచుకుంటుంది.

బడిలో చాలా ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పాను. నొళంబుల హేమావతి గురించి, కంబదూరు మల్లికార్జునస్వామి గుడి గురించి, మన్రో కలెక్టరు దత్తమండలాల గురించి పిల్లలకు చెప్పడానికి పుస్తకాలు దొరికాయి. నాగజెముడు గురించి చెప్పాలంటే మాత్రం వ్యవసాయ శాఖ రాతలే దిక్కు. వాటిలో అది కలుపు, శత్రువు, నిర్మూలించిన పీడ. పొలం ఉన్నవాళ్లకు అది నిజమే. కానీ పొలం లేనివాళ్లకు, గొర్రెల వెనక తిరిగేవాళ్లకు ఈ మొక్క ఏమిటో నాకు మా అవ్వ చెప్పింది. ఆ మాటలు కూడా చరిత్రలో ఉండాలని నా పట్టుదల.

అవ్వ వాళ్లమ్మ ధాత కరువులో చిన్నపిల్ల. ధాత అంటే 1876-77. వానలు వరసగా ఎగ్గొట్టాయి. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. 1882లో విడిపోయేదాకా మాది బళ్ళారి జిల్లాయే. మద్రాసు రాజధాని మొత్తం మీద ముప్పై లక్షల మందికి పైగా చచ్చిపోయిన కరువు అది. దాన్ని ఎక్కువగా మోసిన జిల్లాల్లో బళ్ళారి ఒకటి. వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ దొర, పనిలో ఉన్న మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యానికి సరిపడే డబ్బు, దాని పైన ఒక అణా కూలి చాలని తేల్చాడు. ఒక పౌను అంటే మన లెక్కలో అరకిలో కన్నా తక్కువ. ఎండలో రాళ్లు కొట్టే మనిషికి అది.

"నాగదాళి పండ్లు కాసినన్ని నాళ్లు మా అమ్మోళ్లు బతికిరి పాపా," అనేది అవ్వ. "పండ్లు అయిపోయినంక లేత మట్టలు కాల్చుకుని తినిరి. ఎద్దులకూ అవే, మనుసులకూ అవే."

ఆ పండు తినడం ఒక విద్య. చేత్తో కోయకూడదు. చీల్చిన కట్టె సందులోనో పట్టకారుతోనో పట్టి తుంచాలి. కంటికి కనపడే పెద్ద ముళ్లతో అంత బాధ లేదు. కాయ మీద చుక్కలు చుక్కలుగా ఉండే నూగు ముళ్లే చర్మంలో దిగితే రోజుల తరబడి సలుపుతాయి. అందుకని కాయలను ఇసుకలో పోసి, తంగేడు కొమ్మతో అటూ ఇటూ పొర్లించి రుద్దాలి. తర్వాత తోలు ఒలిచి, పండును రెండుగా చీల్చితే పైకొన దగ్గర నక్షత్రంలాగా ఒక ముళ్ల గుత్తి ఉంటుంది. దాన్ని తీసి పారేయకుండా మింగితే గొంతులో గుచ్చుకుంటుంది. అది తీశాక మిగిలింది ఎర్రని గుజ్జు, గట్టి గింజలు, పులుపు కలిసిన తీపి. నోరు, పళ్లు, వేళ్లు అన్నీ ఎర్రబడతాయి. ఆకలికి గింజలతో సహా ఎక్కువ తింటే కడుపు గట్టిపడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కరువులో ఆ బాధ కూడా పడ్డారు. చిన్నప్పుడు గొర్రెలు మేపే పిల్లలతో కలిసి నేను తిన్న పండ్లన్నీ ఈ పద్ధతిలోనే తిన్నాను. ఆ పద్ధతి నేర్పింది అవ్వ, ఆమెకు నేర్పింది ధాత కరువు దాటిన తల్లి.

పశువులకు పెట్టాలంటే ఇంకో తీరు. మట్టలను మంట మీద తిప్పితే ముళ్లు చిటపటలాడి కాలిపోతాయి. ఆ తర్వాత కొడవలితో తుంపులు చేసి, దొరికితే కాస్త సొప్పతో కలిపి వేయాలి. ఉత్త జెముడు మేపితే పశువు పారుకుంటుంది. ముళ్లు సరిగ్గా కాలకపోతే నాలుక పుండ్లు పడుతుంది. అయినా నీళ్లు లేని చోట ఎద్దు ప్రాణం నిలిపేది ఆ మట్టలోని తడే.

ఇంతగా మా నేలకు అతుక్కున్న మొక్క ఈ దేశానిది కాదు. నాగజెముడు జాతులన్నిటి పుట్టిల్లు అమెరికా ఖండాలు. మన దగ్గర దాని కథలో ముఖ్యమైన ఘట్టం ఎర్ర రంగు కోసం జరిగింది. మెక్సికోలో జెముడు మట్టల మీద బతికే కోచినీల్ అనే చిన్న పురుగును ఎండబెట్టి నూరితే గొప్ప ఎరుపు వస్తుంది. ఒక పౌను రంగుకు డెబ్బై వేల పురుగులు కావాలి. ఆ వ్యాపారం స్పెయిన్ వాళ్ల గుప్పిట్లో ఉండేది. ఇంగ్లీషు సైన్యంలో అధికారుల ఎర్రకోట్లకు ఆ రంగే వాడేవాళ్లు. దాన్ని ఇక్కడే తయారు చేయాలని ఈస్టిండియా కంపెనీకి ఆశ పుట్టింది. మద్రాసులో కంపెనీ వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్ 1780లలో లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌తో ఉత్తరాలు నడిపి, సైదాపేట దగ్గర జెముడు తోట వేయించాడు. మొక్కలు దొరికాయి గానీ పురుగు దొరకలేదు. 1795లో కెప్టెన్ నీల్సన్ అనే సైనికాధికారి బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ఓడ ఆగినప్పుడు పురుగులు పట్టిన మట్టలు తెచ్చి కలకత్తా తోటకు ఇచ్చాడు. అప్పుడు ఆ తోట చూస్తున్నది రాక్స్‌బర్గ్. అంతకు ముందు మన సామర్లకోటలో మొక్కలు పెంచిన మనిషే. నీల్సన్ తెచ్చింది మెక్సికో మేలుజాతి పురుగు కాదు, దాని అడవి దాయాది. దాని రంగు నాసిరకం. వ్యాపారం నిలబడలేదు.

రంగు రాకపోయినా పురుగు ఉండిపోయింది. తెలుగువాళ్లు కూడా తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఇక్కడ ఉంది. ఆ పురుగు మోనకాంత అనే ఒక రకం జెముడును మాత్రమే తింటుంది. ఉత్తర దేశంలో ఆ రకాన్ని తుడిచిపెడుతోందని గమనించి, 1836-38 మధ్య కావాలనే దక్షిణాదికి తెచ్చి వదిలారు. ఇక్కడా ఆ జెముడు పోయింది. ఒక పురుగుతో ఒక కలుపును చంపవచ్చని ప్రపంచం నేర్చుకున్న తొలి పాఠాల్లో ఇది ఒకటి. అయితే ఆ పురుగు ముట్టని రెండో రకం డిల్లెనై. ఈనాడు మనం చూసే ముళ్ల నాగజెముడు అదే. మొదటిది వదిలిపోయిన చోటులోకి అది విరగబడి వచ్చింది.

దాన్ని మనుషులు కూడా చేరదీశారు. మట్ట విరిచి గట్టు మీద పారేస్తే చాలు, వేరు తొడుగుతుంది. చేలకు, దొడ్లకు, తోటలకు అంతకంటే చవకైన కంచె లేదు. ఉత్తరాదిలో ఉప్పు దొంగరవాణాను ఆపడానికి ఇంగ్లీషువాళ్లు వందల మైళ్ల పొడుగున పెంచిన ముళ్లకంచెలో కూడా, తుమ్మ బతకని ఎండు నేలల్లో జెముడే నాటారు. 1879లో ఆ కంచెను వదిలేశారు. మన ఊళ్లలో జెముడు కంచెను ఎవరూ వదల్లేదు, అదీ మనల్ని వదల్లేదు. పక్షులు, నక్కలు, మనుషులు తిన్న గింజలు ఎక్కడ పడితే అక్కడ మొలిచాయి. గట్టు మీది కంచె చేనులోకి దిగింది. ఊరి చుట్టూ గోడలాగా పెరిగి పాములకు, తేళ్లకు, పందులకు ఇల్లయింది. కరువు పనుల్లో జెముడు నరికించడం కూడా ఒక పని. నరికి కుప్ప వేసిన చోట మళ్లీ చిగురించేది. కాల్చాలంటే పచ్చి మట్ట మండదు. లోతుగా గుంత తవ్వి పూడ్చాలి. అరక కట్టుకుని బతికే రైతుకు ఇది ఎంత శాపమో నేను కాదనను. మా నాయన వైపు వాళ్లు కూడా రైతులే.

అప్పుడు వచ్చింది రెండో పురుగు. ఇది కూడా కోచినీల్ జాతే, ఉత్తర అమెరికాది. ఆస్ట్రేలియా నుంచి 1924లో సింహళానికి, అక్కడి నుంచి 1926లో దక్షిణ భారతానికి తెచ్చారు. డిల్లెనైని తినేది ఇదే. ఆడ పురుగు మట్టకు అతుక్కుని కదలదు, ఒంటి చుట్టూ తెల్లని మైనపు నూగు అల్లుకుంటుంది. పిల్ల పురుగులు గాలికి కొట్టుకుపోయి పక్క పొద మీద వాలతాయి. పురుగు పట్టిన ఒక మట్ట తెచ్చి ఆరోగ్యంగా ఉన్న పొదలో పెడితే చాలు, మిగతా పని అవే చూసుకుంటాయి. అయిదారేళ్లలో దక్షిణాదిలో సుమారు 40,000 హెక్టార్ల జెముడు, అంటే లక్ష ఎకరాల దాకా, కుళ్లి నేల కూలిందని లెక్క.

అవ్వ అప్పటికి పిల్లల తల్లి. "చెట్టుకు అమ్మవారు పోసిందనుకుంటిమి," అని చెప్పేది. "తెల్లగా బూజు. పిసికితే నెత్తురు. మట్టలు పసుపుకు తిరిగి ఒకటొకటే రాలిపోయ. ఊరంతా కుళ్లు వాసన. రైతులు సంబరపడిరి. మేం మాత్రం ఈసారి కరువొస్తే ఏం తినల్లబ్బా అనుకుంటిమి."

ఆ కరువు 1952లో వచ్చింది. రాయలసీమ అంతటా గంజి కేంద్రాలు తెరిచారు, బావులు తవ్వడానికి సైన్యం దిగింది. మా ప్రాంతంలో గంజి కరువు అనే పేరు ఇంకా ముసలివాళ్ల నోట్లో ఉంది. ధాత కరువులోలాగా జనం లక్షల్లో చావలేదు. గంజి, రైలు, రేషను కాపాడాయి. కానీ గంజి కేంద్రం దాకా నడవలేనివాళ్లకు గట్టు మీద పండు లేదని అవ్వ గుర్తు చేసుకునేది. మేలు జరిగిందా కీడు జరిగిందా అని నన్నడిగితే, చేలకు మేలే జరిగింది. కానీ దాన్ని తినేవాళ్లను ఒక మాట అడగకుండా జరిగింది. కొండలు, గుట్టలు, గయాళ్లలోని జెముడును వదిలి, చేలలోది మాత్రమే చంపే ఉపాయం ఆ పురుగుకు తెలియదు.

ఇలా జరిగింది మన ఒక్కచోటే కాదు. మడగాస్కర్ ద్వీపం దక్షిణాన ఆంటాన్‌డ్రాయ్ అనే పశుపాలకులు జెముడునే మనుషులకు పండుగా, మందలకు మేతగా, నీళ్లగా పెట్టుకుని బతికేవాళ్లు. 1924లో ఫ్రెంచివాళ్ల కాలంలో కోచినీల్ వదిలాక కొద్ది ఏళ్లలోనే ఆ జెముడు పోయింది. మందలు చచ్చాయి, కరువు పడింది, జనం వలస పోయారు. వాళ్ల చరిత్రలో అది పెద్ద అధ్యాయం, దాని మీద పుస్తకాలున్నాయి. మన గొర్రెల కాపరులకు జరిగింది అంత ఘోరం కాదు, అయినా అడిగి రాసుకున్నవాళ్లు బహు తక్కువ.

జెముడు ఖాళీ చేసిన నేలను ఎక్కువగా ఆక్రమించింది సర్కారు తుమ్మ, మా వాళ్ల మాటలో కంపచెట్టు. అదీ ధాత కరువు నాటిదే. మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ విత్తనాలు అడిగి తెప్పించగా, 1877లో మన కడప జిల్లా కమలాపురంలో మొదటిసారి నాటారు. కంప పొయ్యికి, బొగ్గుకు పనికొస్తుంది. దాని కాయలు గొర్రెలు తింటాయి. మనిషి ఆకలికి మాత్రం అది జెముడు పండులాగా అక్కరకు రాలేదు.

ఇప్పుడు జెముడు మళ్లీ సర్కారు కాగితాల్లోకి వచ్చింది, ఈసారి మంచి పేరుతో. ముళ్లు లేని రకాన్ని, ఫికస్ ఇండికాను, మెట్ట భూముల్లో మేతకు నాటించాలని కేంద్ర భూవనరుల విభాగం 2022 నుంచి వాటర్‌షెడ్ పథకాల్లో రాష్ట్రాలకు చెబుతోంది. జోధ్‌పూర్ ఎడారి పరిశోధన సంస్థ, మధ్యప్రదేశ్‌లోని అమ్లాహాలో ఇకార్డా అనే అంతర్జాతీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ కేంద్రం రకాలను పరీక్షిస్తున్నాయి. కంబదూరు, కుందుర్పి, శెట్టూరు లాంటి మండలాలకు ఇది సరిపోయే పంట అని నా నమ్మకం. వేసవిలో గొర్రెకు పచ్చిమేత, తడి రెండూ దొరుకుతాయి. బోర్లు ఎండినా నిలుస్తుంది.

ఈ పని చేసేవాళ్లకు నేను చెప్పవలసింది ఒకటి ఉంది. 1926లో వదిలిన ఆ పురుగు చచ్చిపోలేదు. మన గుట్టల మీది పొదల్లో తెల్లని నూగుగా ఇప్పటికీ ఉంది. వేలితో నలిపితే ఎర్రగా అంటుకుంటుంది. అదే జాతి 2014లో మొరాకోలో కనిపించి, ముళ్లు లేని జెముడు తోటలను వేల ఎకరాల్లో నాశనం చేసింది. బ్రెజిల్ ఈశాన్యంలో పశువుల మేతకు వేసిన జెముడునూ అదే తినేసింది. అక్కడివాళ్లు పురుగును తట్టుకునే రకాలను వెతికి మళ్లీ నాటుకున్నారు. మన దగ్గర మట్టలు పంచేముందు, ఏ రకం ఆ పురుగుకు నిలుస్తుందో మన గుట్టల్లోని పురుగుతోనే పరీక్ష పెట్టి చూడాలి. మొదటి మట్టలను గొర్రెలున్న ఇళ్లకే ఇవ్వాలి. ఏ మట్ట ఎక్కడ కాల్చాలో, ఎంత మేపాలో, పురుగు తొలి నూగు ఎలా ఉంటుందో ఆ ఇళ్లలోని ముసలివాళ్లకు తెలుసు. వాళ్లు ఉండగానే అడగాలి.