సుబ్బారావు గారి విటమిను – మా బాబాయి గారి మోతాదు

"ఒరేయ్ అబ్బాయీ, కాళ్లు ఒకటే లాగేస్తున్నాయి. డాక్టరు గారు ఏదో విటమిన్ పొడి రాశారు. వేసుకోమంటావా?" అని మా బాబాయి గారు భీమవరం నుంచి ఫోను చేసినప్పుడు నేను షార్జాలో ఆఫీసు పని హడావిడిలో ఉన్నాను. "విటమినే కదా బాబాయ్, మంచిదే, రోజూ వేసుకోండి" అనేసి ఫోను పెట్టేశాను. ఆ "రోజూ" అన్న ఒక్క మాట ఎంత పని చేసిందో, మూడు నెలల తర్వాత ఆయన మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినప్పుడు గానీ నాకు తెలియలేదు.

వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే దాహం. ఎడారి వేడి కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాం. అన్నం సయించలేదు. వాంతులు, మలబద్ధకం. నాలుగో రోజు మాట తడబడి, నన్ను మా నాన్నగారి పేరు పెట్టి పిలిచారు. పరుగున ఆసుపత్రికి తీసుకెళితే, రక్తంలో కాల్షియం విపరీతంగా పెరిగిపోయిందనీ, మూత్రపిండాలకు ముప్పు వచ్చే స్థితిలో ఉన్నారనీ చెప్పారు. "ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగితే "బి.పి. బిళ్ల ఒక్కటే" అన్నాను. విటమిన్లు కూడా ఆ లెక్కలోకి వస్తాయన్న ఆలోచనే నాకు రాలేదు. డాక్టరు గారు రెట్టించి అడిగాక ఇంటికొచ్చి ఆయన సంచి వెతికాను. 60,000 యూనిట్ల డి విటమిన్ పొట్లాలు, కాల్షియం బిళ్లలు, వాటికి తోడు ఒక మల్టీవిటమిన్ సీసా కనిపించాయి. డాక్టరు చీటీ మీద "వారానికి ఒకటి, ఎనిమిది వారాలు" అని స్పష్టంగానే ఉంది. పిన్ని పోయాక ఆ చీటీ చదివి చెప్పే మనిషి ఇంట్లో లేదు. ఉన్నవాణ్ణి నేను. నేను చెప్పింది "రోజూ".

దేవుడి దయవల్ల బాబాయి గారు కోలుకున్నారు. పొట్లాలు మాన్పించి, సెలైన్లు ఎక్కించి, వారాల తరబడి రక్తపరీక్షలు చేశారు. మంచం మీద కాస్త తేరుకున్నాక ఆయన నవ్వుతూ, "మా ఊరివాడు కనిపెట్టిన విటమినే నన్ను మంచాన పడేసిందిరా" అన్నారు. డి విటమిన్‌కీ ఆయన చెప్పిన భీమవరం మనిషికీ సంబంధం లేదు గానీ, ఆ మల్టీవిటమిన్ సీసా మీద "ఫోలిక్ యాసిడ్" అన్న మాట మాత్రం ఉంది. దాని వెనుక ఉన్నది అక్షరాలా భీమవరం మనిషే. ఆ రాత్రి ఆసుపత్రిలో మొదలైన చదువే ఈ వ్యాసానికి మూలం.

పొట్టు తీసిన బియ్యం

విటమిన్ల చరిత్ర మన అన్నం కంచంలోంచే మొదలవుతుంది. 1890లలో జావా ద్వీపంలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మన్, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకు బెరిబెరి వంటి జబ్బు రావడమూ, తవుడు పెడితే నయం కావడమూ గమనించాడు. 1912లో కాసిమిర్ ఫంక్ ఇలాంటి పదార్థాలకు "విటమిన్" అన్న పేరు పెట్టాడు. మన దేశంలో బెరిబెరి ఎక్కువగా పీడించిన ప్రాంతం ఏదనుకున్నారు? మన ఉత్తర సర్కారు జిల్లాలే! తమిళ దేశంలో ఉప్పుడు బియ్యం తినేవారికి ఈ బాధ తక్కువ. వడ్లు ఉడకబెట్టినప్పుడు పొట్టులోని బి1 విటమిన్ గింజలోకి ఇంకుతుంది. మనవాళ్లు మరపట్టిన పచ్చి బియ్యం తిని ఆ బి1 పోగొట్టుకున్నారు.

ఈ జబ్బు మీద పరిశోధనకు 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక చిన్న విభాగాన్ని ప్రారంభించాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. తార్నాకలో ఉన్న ఆ సంస్థ ముందునుంచి ఎన్నోసార్లు బస్సులో వెళ్లాను గానీ, దాని పుట్టుకకు కారణం మన బెరిబెరి అని నాకు అప్పట్లో తెలియదు.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

ఇక మన సుబ్బారావు గారి సంగతి. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతుండగా ఖద్దరు కట్టి అక్కడి ఇంగ్లీషు ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. కాక ఎల్.ఎం.ఎస్. పట్టంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో కన్నుమూశారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో రక్తం క్షీణించిపోయే జబ్బది. తరువాత ఆయనకూ అదే వస్తే, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారని జీవితచరిత్రకారులు రాశారు.

1923లో ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.ల మీద చేసిన పని ఆ వెంటనే వచ్చింది. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడే 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది.

ఈ ఫోలిక్ ఆమ్లం కథకు కూడా మన దేశంలోనే నాంది పడింది. 1928 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. చవకగా దొరికే ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించారు. ఆ ఈస్టులో ఉన్న పదార్థమేదో తేలడానికి మరో దశాబ్దం పైగా పట్టింది. తయారైన ఫోలిక్ ఆమ్లాన్ని టామ్ స్పైస్ వంటి వైద్యులు స్ప్రూ రోగులకు ఇస్తే వారి రక్తం తేరుకుంది. సోదరులను మింగిన జబ్బుకు మందు ఆయన ప్రయోగశాలలోంచే వచ్చింది! కానీ సుబ్బారావు గారు మళ్లీ స్వదేశం చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఇన్ని చేసిన మనిషిని మన పాఠ్యపుస్తకాలు ఎంతకాలం పట్టించుకున్నాయి? ఆయన పేర తపాలా బిళ్ల వచ్చింది 1995లో, శతజయంతికి.

మంచి మందు దాచిన జబ్బు

అయితే ఈ చరిత్రలో మనం సాధారణంగా చెప్పుకోని అధ్యాయం ఒకటుంది. ఫోలిక్ ఆమ్లం దొరికిన కొత్తలో పెర్నీషియస్ అనీమియా రోగులకూ దాన్నే ఇచ్చారు. రక్తం బాగుపడింది. అందరూ సంతోషించారు. కానీ కొన్నాళ్లకు కొందరికి కాళ్లు తిమ్మిరెక్కి, నడక తప్పింది. వారికి నిజంగా కొరవడింది బి12 విటమిన్. ఫోలిక్ ఆమ్లం రక్తహీనతను సరిచేసి, లోపల నరాలు దెబ్బతింటున్న సంగతిని పైకి కనపడనివ్వలేదు. బి12ను విడదీయగలిగింది 1948లో. పెద్దలకు మాత్రల ద్వారా రోజుకు 1,000 మైక్రోగ్రాములు మించి ఫోలిక్ ఆమ్లం వద్దని అమెరికా నిపుణులు 1998లో హద్దు పెట్టడానికి ముఖ్య కారణం ఈ అనుభవమే.

ఇది మనవాళ్లకు మరీ ముఖ్యం. బి12 మాంసం, చేపలు, గుడ్లు, పాలలోనే ఉంటుంది. శాకాహారులకూ, చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారికీ, వయసు మళ్లినవారికీ ఇది తగ్గే అవకాశం ఎక్కువ. అలాంటివారు అరికాళ్లు మంటలెత్తితే మాత్రలు పోగేసుకోకుండా ముందు బి12 పరీక్ష చేయించుకోవాలి. బి6 విటమిన్ అయితే అతిగా వాడితే అదే తిమ్మిరి తెచ్చిపెడుతుంది! దానికి అమెరికా వారి హద్దు రోజుకు 100 మిల్లీగ్రాములు. ఐరోపా వారు 2023లో దాన్ని 12కు దించారు.

అలాగని ఫోలిక్ ఆమ్లం చెడ్డదనుకోకండి. తగిన వేళ, తగిన మోతాదులో అది వరం. గర్భం దాల్చక ముందునుంచీ రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకుంటే బిడ్డకు వెన్నుపాము లోపాలు చాలావరకు తప్పుతాయి. ఆ సంగతికి 1991లో బ్రిటన్ ఆధ్వర్యంలో జరిగిన పెద్ద పరిశోధన గట్టి ఆధారం ఇచ్చింది.

ఎండ ఉన్న చోట ఎండ లేదు

మా ఎమిరేట్స్‌లో విచిత్రం చూడండి. ఏడాదంతా ఎండే, అయినా డి విటమిన్ లోపం ఇక్కడ సర్వసాధారణమని పరిశోధనలు పదేపదే చెప్పాయి. కారణం తెలిసిందే. ఏ.సి. ఇల్లు, ఏ.సి. కారు, ఏ.సి. ఆఫీసు. వేసవిలో బయటికి అడుగు పెట్టలేం. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు బయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టమే ఉంది. అందుకే ఏ ఇద్దరు తెలుగువాళ్లు కలిసినా "మీకు డి ఎంత ఉంది?" అన్నది ఇక్కడ కుశలప్రశ్న అయిపోయింది.

లోపం నిజమే. మందు కూడా నిజమే. చిక్కంతా లెక్కలో ఉంది. పెద్దలకు రోజువారీ అవసరం 600 యూనిట్లు, 70 దాటినవారికి 800. వైద్యుల పర్యవేక్షణ లేకుండా 4,000 యూనిట్లు దాటవద్దని 2010లో అమెరికా నిపుణులు నిర్ణయించారు. మా బాబాయి గారు రోజూ వేసుకున్న పొట్లం దానికి 15 రెట్లు. బి, సి విటమిన్లు చాలావరకు నీటిలో కరిగి బయటికి పోతాయి. ఎ, డి, ఇ, కె కొవ్వులో కరిగేవి. వీటిలో ఎ, డి ఒంట్లో పేరుకుపోతాయి. ఎ విటమిన్ కాలేయంలో నిలవ ఉంటుంది కాబట్టే, హైదరాబాదు పరిశోధకుల కృషితో 1970లో మొదలైన పథకంలో పసిపిల్లలకు ఆరునెలలకొక్కసారి 2,00,000 యూనిట్లు ఇస్తే చూపు నిలిచింది. అదే నిలవ గుణం, గర్భిణి రోజూ ఎక్కువ మోతాదు వేసుకుంటే కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. 1994లో ఫిన్లండులో పొగతాగేవారికి బీటా కెరోటిన్ మాత్రలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. అతి సర్వత్ర వర్జయేత్ అని పెద్దలు ఊరికే అనలేదు.

సూట్‌కేసు సర్దుకునే ముందు

మనం అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి ఊరెళ్లేటప్పుడు పెద్దవాళ్లకు పట్టుకెళ్లే కానుకల్లో విటమిన్ సీసా ఒకటి. ప్రేమతోనే ఇస్తాం. ఆ ప్రేమకు కాస్త జాగ్రత్త జోడిద్దాం. సీసా మీద మైక్రోగ్రాములో, యూనిట్లో చూడండి. డి విటమిన్‌లో ఒక మైక్రోగ్రాము అంటే 40 యూనిట్లు. రెండు సీసాల్లో ఒకే విటమిన్ ఉంటే రెండూ కూడండి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవారు కె విటమిన్ ఉన్న మాత్ర డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు. థైరాయిడ్ బిళ్లకూ, ఐరన్ కాల్షియం ఉన్న మాత్రలకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉంచండి. ఐరన్ మాత్రలు పసిపిల్లలకు ప్రాణాంతకం, చేతికి అందనివ్వకండి. ఆసుపత్రిలో మందులేమిటని అడిగితే విటమిన్లూ చెప్పండి.

మా బాబాయి గారు ఇప్పుడు భీమవరంలో కులాసాగా ఉన్నారు. ఆయన మందులన్నీ పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి బీరువాకు అంటించి వచ్చాను. ప్రతి ఆదివారం ఫోనులో ఆ కాగితం ఇద్దరం కలిసి చదువుకుంటాం. ఒక తెలుగువాడు ఇల్లు వదిలి, తిరిగి రాకుండా, గ్రాములో ఎన్నో వంతు తూచి తూచి లోకానికిచ్చిన మందుకు మనం చేయగలిగిన మర్యాద అదే. "విటమినే కదా" అనకుండా, చీటీ పూర్తిగా చదవడం.