పొదుపు మనది, బండి తాళం ఎవరిది?

కొండగట్టు అంజన్న గుడి దగ్గర మంగళవారం, శనివారం కొత్త బండ్లు వరుస కట్టి ఉంటాయి. హ్యాండిల్‌కు బంతిపూల దండ, పసుపు కుంకుమలతో స్వస్తిక్ గుర్తు, చక్రాల కింద నిమ్మకాయలు. మోటారు సైకిళ్లు, ఆటోలు, ట్రాక్టర్లు, కార్లు అన్నీ వస్తాయి. 2023 జనవరిలో పవన్ కళ్యాణ్ తన ఎన్నికల ప్రచార వాహనం వారాహిని కూడా ఇక్కడికే తెచ్చి పూజ చేయించాడు. ఆ వరుసను చూసినప్పుడల్లా నా చూపు బండి పక్కన పళ్లెం పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి మీదికి పోతుంది. ఆ బండికి మొదట కట్టిన డబ్బు ఎక్కడిది? సంఘం లోనా? బీడీల పీఎఫ్‌ సొమ్మా? మెడలో గొలుసు కుదువ పెడితే వచ్చిందా? పూజ అయ్యాక కొబ్బరికాయ కొడతారు, తాళం చెవి మాత్రం మగపిల్లవాడి చేతిలోకి పోతుంది. ఆమె వెనక సీటు మీద ఒక పక్కకు కాళ్లు వేసుకుని కూచుంటుంది.

మా చెల్లెలి బిడ్డకు ఈ మధ్యనే కరీంనగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉద్యోగం దొరికింది. "పెద్దమ్మా, జీతం వస్తే ముందుగాల స్కూటీ కొనాల్నా, చిట్టీ ఎయ్యాల్నా?" అని అడిగింది. నాలుగు మాటల్లో చెప్పి పంపించొచ్చు. కానీ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పిన అలవాటు ఊరుకోనివ్వదు కదా! మా జిల్లాల్లో ఆడవాళ్ల చేతికి డబ్బు ఎట్లా వచ్చింది, బండి ఎందుకు రాలేదు అన్నది చెప్పకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేననిపించింది.

మా వైపు ఆడవాళ్ల సొంత సంపాదన అనగానే ముందు గుర్తొచ్చేది బీడీలు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ఎటు పోయినా అరుగు మీద చాట, చాటలో తునికాకు, తంబాకు, దారపు ఉండ. ఇంట్లో కూచుని చేసే పని కాబట్టి అది పనే కాదన్నారు. ఇంట్లో చేసేవాళ్లు మా కార్మికులు కారని యజమానులు కోర్టుల దాకా వెళ్లారు. బీడీ పరిశ్రమకు పీఎఫ్ చట్టం 1977లో వర్తించినా, ఇంటి దగ్గర బీడీలు చుట్టేవాళ్లు కూడా ఉద్యోగులే, వాళ్లకూ పీఎఫ్ ఇవ్వాలని సుప్రీంకోర్టు తేల్చింది 1985లో. చాలామంది తల్లులకు తమ పేరు అచ్చులో కనిపించిన మొదటి కాగితం ఆ పీఎఫ్ కాగితమే. ఆ సొమ్ము ఏమైందని అడిగితే మాత్రం దాదాపు ఒకే జవాబు: బిడ్డ పెండ్లి, లేకపోతే కొడుకు బండి.

విచిత్రంగా అదే 1985 ఇంకో కారణానికి కూడా గుర్తుండాల్సిన సంవత్సరం. తెలుగుదేశం ప్రభుత్వం తెచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ 1986లో చట్టమై, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు లేదు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. మనవాళ్లు ఇరవయ్యేళ్లు ముందున్నారని పాఠం చెప్పేటప్పుడు గర్వంగానే చెప్పేదాన్ని. అయితే క్లాసులో ఆడపిల్లల్ని "మీ ఇంట్లో ఎవరైనా వాటా తీసుకున్నారా?" అని అడిగితే నవ్వేవాళ్లు. అన్నదమ్ములతో తెగిపోతుందనే భయం ముందు చట్టం చాలా చిన్నది. ఆస్తిలో వాటాకు బదులుగా పెళ్లిలో అల్లుడికి బైకు ఇస్తారు. అంటే ఆమె హక్కు రెండు చక్రాల మీద అతని పేరుతో అత్తగారింటికి పోతుంది!

ఇక గల్ఫ్. 1970ల చమురు ధరల తర్వాత కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెల నుంచి మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీలకు కదిలారు. వాళ్లలో కొందరు సౌదీ ఇళ్లలో డ్రైవర్లు. ఇంటికో డ్రైవరు అక్కడ ఎందుకు కావాల్సివచ్చాడు? అక్కడి ఆడవాళ్లను బండి నడపనిచ్చేవాళ్లు కాదు గనక. 1990 నవంబరు 6న రియాద్ వీధుల్లో 47 మంది స్త్రీలు కార్లలో బయల్దేరితే పట్టుకుని పాస్‌పోర్టులు లాక్కున్నారు, ఉద్యోగాల నుంచి తప్పించారు. 2011లో కారు నడుపుతూ వీడియో తీయించుకున్న మనాల్ అల్ షరీఫ్‌ను జైల్లో పెట్టారు. ఈ వార్తలు వచ్చినప్పుడు అవి మనకు సంబంధం లేని దేశం సంగతులని అనుకునేవాళ్లు. నాకు అట్లా అనిపించలేదు. అక్కడి ఆడవాళ్ల మీద ఉన్న నిషేధమే ఇక్కడ కొన్ని ఇళ్లకు జీతమైంది. ఆ జీతంతో ఇక్కడ కట్టిన డాబాలో ఉన్న ఆడమనిషికి కూడా బండి రాదు. ఆమె డ్రాఫ్టు మార్చుకోవడానికి బ్యాంకుకు పోవాలంటే మరిదినో, పక్కింటి పిల్లవాణ్నో బతిమాలుకోవాలి. ఇక్కడ ఏ రాజూ నిషేధించలేదు. అయినా ఎవరూ నేర్పలేదు.

నేర్పితే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. 1991-92లో తమిళనాడు పుదుక్కోటై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు, అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ చదువుతో పాటు సైకిల్ నేర్పడాన్ని కూడా కార్యక్రమంలో చేర్చారు. లక్షకు పైగా ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నారని పి. సాయినాథ్ రాశాడు. క్వారీల్లో పనిచేసే కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, నర్సులు అందరూ సైకిలెక్కారు. ఆడవాళ్ల సైకిళ్లు దొరక్కపోతే మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. సైకిల్ కొనుక్కోవడానికి బ్యాంకు రుణాలు కూడా ఇప్పించారు.

సరిగ్గా అవే రోజుల్లో మన దగ్గర, నెల్లూరు జిల్లాలో, అదే అక్షరాస్యతా ఉద్యమంలోంచి దూబగుంట లేచింది. సారా వ్యతిరేక పోరాటం, 1993లో సారా నిషేధం, దాని వెంట రోజుకు రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి. ఆ రూపాయి నుంచే డ్వాక్రా విస్తరించి రాష్ట్రమంతా సంఘాలయ్యాయి. కరీంనగర్ జిల్లాలోనైతే ముల్కనూరులో 2000లో ఆడవాళ్లే సభ్యులుగా పాల డెయిరీ కూడా పెట్టుకున్నారు. ఇవి చిన్న విజయాలు కావు. కానీ పక్కపక్కనే పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అదే ఉద్యమం అక్కడ ఆడవాళ్లకు సైకిల్ ఇచ్చింది, ఇక్కడ పాసుబుక్కు ఇచ్చింది. పాసుబుక్కును ఇంట్లోవాళ్లు తొందరగానే ఒప్పుకున్నారు, ఎందుకంటే దాంట్లోంచి అప్పు పుడుతుంది. సైకిల్ ఎక్కిన ఆడమనిషి ఎటు పోతుందో ఎవరికి తెలుసు? సంఘం అప్పుతో భర్తకు ఆటో కొనిపెట్టిన వాళ్లు మా ఊరి చుట్టుపక్కల ఎంతోమంది. వాయిదా కట్టాల్సింది మాత్రం ఆమె. మైక్రో ఫైనాన్స్ కంపెనీల వాళ్లు ఇంటి ముందు కూచుని ఆడవాళ్ల పరువు తీసిన ఆ రోజులు, 2010 అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చేదాకా ఎట్లా గడిచాయో మనకు తెలుసు.

2018 సెప్టెంబరు 11, మంగళవారం. శనివారంపేట నుంచి జగిత్యాలకు పోతున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు మీంచి లోయలో పడింది. 60 మందికి పైగా పోయారు. అందులో సగానికి మించి ఆడవాళ్లు. బస్సులో పట్టేవాళ్లకంటే ఎంతో ఎక్కువమంది, వందకు దగ్గరగా ఉన్నారు. బ్రేకుల సంగతి, పాత బస్సు సంగతి, ఘాట్ రోడ్డు వాలు సంగతి అప్పుడు అందరూ మాట్లాడారు. ఆడవాళ్లే ఎందుకు ఎక్కువమంది పోయారని అడిగినవాళ్లు తక్కువ. ఇంట్లో బైకు ఉంటే మగవాడు దాని మీద పోతాడు. దవాఖానకో, బ్యాంకుకో, పుట్టింటికో పోవాల్సిన ఆడమనిషి, ఇంకో బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, నిలబడ్డానికి చోటు లేకపోయినా ఉన్న బస్సే ఎక్కుతుంది. సౌదీలో ఆడవాళ్లు బండి నడపొచ్చని అనుమతి వచ్చింది ఆ ఏడాది జూన్ 24న. మూడు నెలలు కూడా కాలేదు.

పోయినవాళ్లకు ప్రభుత్వం 5 లక్షల చొప్పున ప్రకటించింది. అది అందరికీ ఒకటే మొత్తం. కానీ రోడ్డు మీద చనిపోయిన ఆడదాని ఖరీదు చట్టం ఎట్లా కట్టిందన్నది వేరే కథ. మోటారు వాహనాల చట్టానికి 1994లో చేర్చిన పట్టికలో, సంపాదన లేని భార్య చనిపోతే ఆమె ఆదాయాన్ని బతికున్న భర్త సంపాదనలో మూడో వంతుగా లెక్కించాలని రాసి ఉండేది. వంట, నీళ్లు, పశువులు, పిల్లలు, ముసలివాళ్లు అన్నీ కలిపి మూడో వంతు! 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు ఇంటి చాకిరీకి నెలకు 3 వేలని విలువ కట్టింది. 2010లో అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసులో ఈ లెక్కలోని వివక్షను తప్పుపట్టింది. 2021లో మరో తీర్పులో మళ్లీ చెప్పింది. ఆ పట్టికను 2019 సవరణ చట్టం తీసేసింది. అయినా ట్రిబ్యునల్ ముందు 'ఆమె ఏం సంపాదించేది?' అన్న ప్రశ్న పోలేదు. బీడీల కార్డో, సంఘం పుస్తకమో, కూలి కాగితమో ఉన్న ఆమె ఇంటివాళ్లు దానికి జవాబు చూపించగలరు. ఏ కాగితమూ లేని ఆమె ఇంటివాళ్లు ఏం చూపిస్తారు?

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. దీని మీద వెక్కిరింపులు విని విని విసుగొచ్చింది. చార్జీ డబ్బులు అడుక్కోకుండా గడప దాటడమంటే ఏమిటో, ఎప్పుడూ అడుక్కోనివాళ్లకు ఏం తెలుస్తుంది? అది గొప్ప పని, నేను గట్టిగా సమర్థిస్తాను. కాకపోతే సాయంత్రం ఆఖరి బస్సు పోయాక ఆ జీరో టికెట్ పనికిరాదు. నైట్ డ్యూటీ ఉన్న పిల్లకు అసలే పనికిరాదు. ఆర్టీసీలో ఆడ కండక్టర్లను చూడ్డానికి అలవాటుపడ్డాం, డ్రైవరు సీటు మాత్రం చాలా ఏళ్లు అందలేదు. నల్గొండ వైపు తండా నుంచి పోయిన వంకదోతు సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా డ్రైవరైంది. సొంత రాష్ట్రపు ఆర్టీసీ బస్సు నడపడానికి ఆమెకు ఇంకో పదేళ్లు పట్టింది.

అందుకని మా పిల్లకు స్కూటీయా చిట్టీయా అని కాకుండా, రెండూ కలిపి ఏం చెయ్యాలో కాగితం మీద రాసిచ్చాను. మొదటి మూడు నెలల జీతం కదిలించొద్దు. హాస్టల్ ఖర్చు, తిండి పోను మిగిలింది నీ ఒక్కదాని పేరు మీద ఉన్న ఖాతాలో వెయ్యి. ఏటీఎం కార్డు అన్న జేబులో ఉండొద్దు. ఈలోగా లెర్నింగ్ లైసెన్సు తీసుకో. అది ఆరు నెలలు చెల్లుతుంది, ముప్ఫై రోజులు దాటితే అసలు లైసెన్సుకు పరీక్షకు పోవచ్చు. చుట్టాల్లో ఎవరో నేర్పుతానంటారు, సంతోషమే, కానీ వాళ్లు పక్కన లేకుండా కూడా నడపడం రావాలి. మొదట ఊరి గ్రౌండులో, తర్వాత పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద, ఆ తర్వాతే మెయిన్ రోడ్డు. హెల్మెట్ క్లిప్పు పెట్టుకో. చున్నీ చక్రంలో పడకుండా ముడేసుకో.

ఆర్‌సీ సంగతి మాత్రం గట్టిగా చెప్పాను. అప్పు నీ పేరు మీద తీసుకుని బండి వేరేవాళ్లకు ఇస్తే, వాయిదా తప్పినప్పుడు చెడేది నీ సిబిల్ స్కోరు. ఆర్‌సీలో నీ పేరుండి లైసెన్సు లేని తమ్ముడు నడిపి ఎవరినన్నా గుద్దితే, బీమా కంపెనీ ఆ బాధితులకు కట్టిన సొమ్మును నీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. పాత బండి అమ్మితే ఆర్‌సీలో పేరు మారేదాకా చట్టం దృష్టిలో యజమానివి నువ్వే. కొన్నా అంతే, డబ్బులిచ్చి తాళం తీసుకుంటే అయిపోదు. అప్పు తీరాక ఫైనాన్స్ వాళ్ల దగ్గర బాకీ లేదన్న కాగితం తీసుకుని ఆర్‌సీలో వాళ్ల పేరు కొట్టేయించుకో.

అంతా చదివి, "మరి బాపు నా గొలుసు కుదువ వెట్టి కొత్తది కొందాం అంటుండు కదా పెద్దమ్మా?" అంది. ఆ గొలుసు వాళ్లమ్మ బీడీల పీఎఫ్‌తో చేయించింది. కొత్త స్కూటీ ఏడాది తిరక్కుండానే విలువ తగ్గుతుంది, బంగారం వాయిదాలు తప్పితే వేలానికి పోతుంది, రెండూ లెక్కేసి చూడమన్నాను. కాసేపు కాలిక్యులేటర్‌తో కుస్తీ పట్టి, గొలుసు అట్లనే ఉండనీ అంది. పాత బండి ఒకటి చూసిందట, పేరు మార్పిడికి ఏమేం ఫారాలు కావాలో రవాణా ఆఫీసులో తనే పోయి అడిగొస్తానంది.