గోదావరి లోయలో వెన్నెముక చరిత్ర

జగిత్యాల జిల్లా రాయికల్‌కు ఉత్తరంగా గోదావరి పారుతున్నది. ఆ ప్రాంతంలోని గుట్టలు, బండలు చాలవరకు గ్రానైటు, నైసు జాతి శిలలే. వీటి వయస్సు 250 కోట్ల ఏండ్లకు పైమాటే. భూమి లోతులలో కరగిన పదార్థం చల్లారి గట్టిపడగా ఇట్టి రాళ్లు ఏర్పడినవి. ఇవి ఏర్పడిననాటికి ప్రపంచంలో ఎక్కడా ఎముక గల ప్రాణి లేదు. కాబట్టి ఈ బండలను ఎంత లోతు పగులగొట్టినా వాటిలో ప్రాచీన జంతువుల అవశేషాలు కనబడవు.

అయితే ఇదే నది వెంట ధర్మపురి దాటి మంచిర్యాల వైపు, అక్కడినుండి ప్రాణహిత వచ్చి కలిసే కాళేశ్వరం వైపు సాగితే నేల స్వభావమే మారిపోతుంది. అక్కడ పొరలు పొరలుగా పేరుకొన్న ఇసుకరాయి, ఎర్రని బంకమట్టి, కొన్నిచోట్ల సున్నపురాయి కనబడతవి. కోట్ల ఏండ్ల క్రితం ఆ భాగం మెల్లమెల్లగా కుంగుతూ పొడవైన పల్లముగా మారింది. నాటి నదులు తెచ్చిన ఇసుక, ఒండ్రు ఆ పల్లములో నిండినవి. వీటినే గోండ్వానా శిలలంటారు. సింగరేణి బొగ్గు కూడా ఈ వరుసలోనిదే. బొగ్గు పొరలకంటె తరువాత ఏర్పడిన పొరలలో చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, క్షీరదాలు తమ ఎముకలను, పండ్లను వదలిపోయినవి. సకశేరుకాల చరిత్రలో ఒక పెద్ద భాగాన్ని చదువుకొనడానికి ఇది మనకు అందుబాటులో ఉన్న గ్రంథం. దానిని చదవడం ఎట్లా నేర్చుకొన్నారో తెలుసుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశము.

వర్గీకరణలోని చిక్కు

వెన్నుపూసలు వరుసగా చేరి ఏర్పడిన వెన్నెముక గల జంతువులే సకశేరుకాలు. పిండదశలో వీటన్నిటికీ వీపు వెంట పృష్ఠవంశమనే మెత్తని కడ్డీ ఉంటుంది. పెరిగేకొలది చాలా జంతువులలో దాని స్థానాన్ని వెన్నుపూసలు ఆక్రమిస్తవి. మెదడును కాపాడే కపాలము, వెన్నుపూసల నడుమగా సాగే వెన్నుపాము వీటి ముఖ్యలక్షణాలు. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ వీటిని నాలుగు తరగతులుగా విభజించి, సరీసృపాలను ఉభయచరాలతో కలిపివేసినాడు. తరువాతివారు వాటిని విడదీయగా చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు అనే ఐదు తరగతులు పాఠ్యపుస్తకాలలోకి వచ్చినవి.

ఈ ఐదూ ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదు పెట్టెలా, లేక ఒకే వంశంలోని శాఖలా? బ్రతికి ఉన్న జంతువులను మాత్రమే చూస్తే పెట్టెలవలెనే కనిపిస్తవి. తొండను, కుందేలును చూసినవారు వాటి మధ్య చుట్టరికాన్ని సులభంగా ఊహించలేరు. శాఖలే అయితే, అవి విడిపోయిన కాలపు జంతువుల ఆనవాళ్లు రాళ్లలో దొరకవలెను. అవి సరియైన కాలక్రమంలో కూడా దొరకవలెను. చిక్కంతా ఈ కాలక్రమం వద్దనే వచ్చింది.

చేప పొలుసు, చేప పన్ను

సిరోంచకు సమీపంలో ప్రాణహిత ఒడ్డున కోట అనే గ్రామమున్నది. అక్కడి సున్నపురాతిలో దొరికిన, మెరిసే దళసరి పొలుసులుగల చేప శిలాజాలు 1851లో లండన్ శాస్త్రజ్ఞుల పరిశీలనకు వచ్చినవి. ఆ చేపకు లెపిడోటస్ డెక్కనెన్సిస్ అని పేరు పెట్టినారు. యూరపులో ఇట్టి చేపలు జురాసిక్ యుగపు శిలలలో దొరుకుతుండేవి. కాబట్టి కోట శిలలు కూడా ఆ యుగానివేనని భావించినారు.

ఆ రోజులలో నాగపూరులో ఉండిన స్కాట్లండు మతప్రచారకుడు స్టీఫెన్ హిస్లప్‌కు భూగర్భశాస్త్రమంటే మిక్కిలి ఆసక్తి. నేటి కుమురంభీం ఆసిఫాబాదు ప్రాంతంలోని మలేరి గ్రామం వద్ద ఎర్రమట్టిలో ఆయనకు వింత పండ్లు దొరికినవి. అవి వెడల్పుగా, గట్లుగట్లుగా, కోడిజుట్టును పోలి ఉండినవి. భారత భూగర్భ పరిశోధనశాఖ అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వీటిని వర్ణించి, సెరటోడస్ అనే చేప పండ్లుగా గుర్తించినాడు. ఒక జాతికి హిస్లప్ పేరే పెట్టినాడు. ఆనాటికి సెరటోడస్ శిలాజంగా మాత్రమే తెలుసు. అది ఏనాడో అంతరించిందని అందరూ తలచినారు.

పదకొండేండ్లకు ఒక ఆశ్చర్యకరమైన వార్త వచ్చింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు నదులలో బ్రతికి ఉన్న ఒక చేప పండ్లు అచ్చం సెరటోడస్ పండ్లవలె ఉన్నవని 1870లో క్రెఫ్ట్ ప్రకటించినాడు. ఆ చేపకు మొప్పలతోబాటు ఒక ఊపిరితిత్తి కూడా ఉన్నది. మన చెరువులలోని కొర్రమీను కూడా నీటిపైకి వచ్చి గాలి పీల్చుతుంది గదా అని విద్యార్థులు అడుగవచ్చు. కొర్రమీను గాలి పీల్చే అవయవం మొప్పలపైన గల గది. సెరటోడస్ వంశపు చేపకున్నది అన్ననాళము నుండి పుట్టిన సంచి. మన ఊపిరితిత్తులు పుట్టే తీరు కూడా ఇదే. పని ఒకటైనంత మాత్రాన పుట్టుక ఒకటి కాదు. వర్గీకరణకు ఆధారం పనికాదు, పుట్టుక. ఈ దృష్టితో చూస్తే ఊపిరితిత్తుల చేప బొచ్చె, రవ్వ చేపలకంటె మనకే దగ్గరి చుట్టము.

కలిసిపోయిన రెండు కాలాలు

మలేరిలో సెరటోడస్‌తోబాటు హైపరోడపెడాన్ అనే సరీసృపం ఎముకలు కూడా దొరికినవి. దానికి ముందు ముక్కువంటి వంపు, లోపల పండ్ల వరుసలు ఉండినవి. చాకు తన పిడిలోకి మడుచుకొన్నట్లు క్రింది దవడ పైదవడ గాడిలోకి దిగేది. ఇది ట్రయాసిక్ యుగపు జంతువు. కోట చేప జురాసిక్ యుగానిది. ఈ రెంటినీ ఎట్లా పొందుపరచడం? 1881లో ప్రాణహిత-గోదావరి లోయను గురించి పెద్ద గ్రంథం వెలువరించిన విలియం కింగ్ ఈ శిలలను కలిపి "కోట-మలేరి" వర్గమన్నాడు. అనగా రెండు యుగాలు ఒకే పేరు క్రిందికి చేరినవి.

ఎముకలు కూడా కలిసిపోయినవి. 1885లో లిడెక్కర్ మలేరి ఎముకలను పరిశీలించి, మొసలివంటి ఒక జంతువుకు పారాసుకస్ హిస్లపి అని నామకరణం చేసినాడు. అయితే ఆయన దానివిగా భావించిన వాటిలో కపాలపు అడుగుభాగం హైపరోడపెడాన్‌దని తరువాత తేలింది. ఏ ఎముక ఏ పొరలో, దేని ప్రక్కన దొరికిందో వ్రాసిపెట్టకుంటే ఎంతటి పండితునికైనా ఇట్టి ఇబ్బంది తప్పదు.

పొరలు విడిపోయినవి

ఈ ముడి విప్పే పని స్వాతంత్ర్యానంతరం సాగింది. కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థను నెలకొల్పిన మహలనోబిస్, 1957లో అక్కడ భూగర్భ అధ్యయన విభాగాన్ని ఏర్పాటు చేసినాడు. లండన్ విశ్వవిద్యాలయ కళాశాలనుండి వచ్చిన పామెలా రాబిన్సన్ యువ పరిశోధకులకు శిక్షణ ఇచ్చింది. వారు లోయలో కాలినడకన తిరిగి ప్రతి పొరను పటాలలో గుర్తించినారు. ప్రతి ఎముకకు దొరికిన చోటు వ్రాసిపెట్టినారు. మలేరి, కోట శిలలు వేరువేరని, వాటి నడుమ కూడ వేరే పొరలున్నవని స్పష్టమయింది.

ఆ పొరల పేర్లన్నీ మన పల్లెల పేర్లే. అడుగునుండి పైకి వాటిలో ముఖ్యమైనవి కుందారం, ఎర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట. ఇప్పుడు వీటిని వరుసగా చూద్దాము.

కుందారం పొరల వయస్సు సుమారు 26 కోట్ల ఏండ్లు. అక్కడ ఎండోథియోడాన్ దొరికింది. ఇది డైసినోడాంట్ల వర్గానికి చెందిన శాకాహారి. చూపులకు సరీసృపమే అయినా, కంటిగుంట వెనుక కపాలంలో ఒకే రంధ్రముండడాన్నిబట్టి ఇది క్షీరదాల వైపు శాఖకు చెందినదని తెలుస్తుంది. ఇదే జంతువు దక్షిణాఫ్రికాలోను, బ్రెజిలులోను దొరికింది. ఈ భూభాగాలన్నీ ఒకనాడు కలిసి ఉండినవనడానికి ఇదొక సాక్ష్యము. ఎర్రపల్లి పొరలలో దొరికిన వాడియాసారస్ కూడా ఈ వర్గానిదే. దానికి ఆ పేరు ప్రఖ్యాత భూగర్భ శాస్త్రజ్ఞుడు వాడియా గౌరవార్థం వచ్చింది.

మలేరి పొరలు సుమారు 22, 23 కోట్ల ఏండ్లనాటివి. ఊపిరితిత్తుల చేపలతోబాటు, చదునైన పెద్ద తలగల ఉభయచరం ఇక్కడ నివసించింది. 1965లో దీనిని మెటొపొసారస్ మలేరియెన్సిస్ అన్నారు. ఇటీవల పాంథసారస్ అనే కొత్త పేరు పెట్టినారు. పారాసుకస్ పూర్తి అస్థిపంజరాలు కూడా దొరికినవి. వాటి కడుపు స్థానంలో మలేరిసారస్ అనే చిన్న సరీసృపం ఎముకలుండినవి. అనగా తిన్నవాడు, తినబడినవాడు కలిసి రాయి అయినారు. పారాసుకస్ ఎంత మొసలివలె ఉన్నా ముక్కురంధ్రాలు మూతి కొసన లేవు, కళ్లకు దగ్గరగా ఉన్నవి. ఒకే విధమైన జీవనం వల్ల కలిగిన పోలిక ఇది. ఈ పొరలలోనే ఎక్సెరెటొడాన్ స్టాటిస్టికే అనే జంతువు కూడా దొరికింది. ఇది క్షీరదాలకు మరింత దగ్గరి శాఖలోనిది. దాని పేరులో గణాంకశాస్త్ర సంస్థ జ్ఞాపకం నిలిచి ఉన్నది. తొలి డైనోసార్లు కూడా ఇక్కడనే కనిపించినవి. ధర్మారం పొరలలో అవి పెద్దవయినవి. వాటిలో ఒకదానికి 2007లో రాబిన్సన్ పేరుమీదుగా లాంప్లూసారా అని పేరు పెట్టినారు.

పెద్దకాలు, చిన్నపన్ను

కోట పొరలు జురాసిక్ యుగానివి. 1958లో పోచంపల్లి గ్రామ పరిసరాలలో పెద్ద ఎముకలు బయటపడినవి. 1960, 1961 సంవత్సరాలలో సుమారు 300 ఎముకలు వెలికితీసినారు. ఒక తొడ ఎముక పొడవే 1.7 మీటర్లు. బెంగాలీలో "బరా పా" అనగా పెద్దకాలు. 1961 రవీంద్రనాథ ఠాగూరు శతజయంతి సంవత్సరం. ఈ రెండూ కలిసి 1975లో ఆ జంతువుకు బరాపాసారస్ టాగోరై అనే శాస్త్రీయనామం వచ్చింది. సుమారు 14 మీటర్ల ఆ అస్థిపంజరం కలకత్తాలో నిలిచి ఉన్నది. మరొకటి యామన్‌పల్లి వద్ద భారత భూగర్భ పరిశోధనశాఖవారికి దొరికిన కోటసారస్. 1988లో యాదగిరి దీనిని వర్ణించినారు. దీని అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో చూడవచ్చును. ఈ రెంటికీ పుర్రె దొరకలేదు.

ఈ మహాకాయుల పాదాల వద్దనే మరొక ప్రాణి తిరిగింది. కోట బంకమట్టిని నీటిలో నానబెట్టి సన్నని జల్లెళ్లతో జల్లించగా, కంటికి సరిగా ఆనని పండ్లు దొరికినవి. వాటిలో ఒక జాతిని 1981లో దత్తా వర్ణించి, జీవశాస్త్రజ్ఞుడు హాల్డేన్ పేరుమీదుగా కోటథీరియం హాల్డేనై అన్నాడు. అది క్షీరదము. ఒక్క పంటితో ఆ మాట ఎట్లా చెప్పగలరు? తొండ పండ్లన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటవి. క్షీరదాల దంతాలు కొరకడానికి, చీల్చడానికి, నమలడానికి వేరువేరు ఆకారాలు పొందినవి. చెక్కిలి పన్నుకు ఒకటికంటె ఎక్కువ వేళ్లు, పైన నిర్ణీతమైన అమరికలో మొనలు ఉంటవి. పంటితోబాటు దవడ కూడా మారింది. సరీసృపాల క్రింది దవడలో పలు ఎముకలుండగా క్షీరదాలకు ఇరువైపుల ఒక్కొక్కటే మిగిలింది. దవడ కీలుగా ఉండిన రెండు చిన్న ఎముకలు చెవిలోనికి చేరి శబ్దాన్ని అందించే పనిలో కుదురుకొన్నవి. మనం వినే ప్రతి మాటా ఆ పాత దవడ కీలు మీదుగానే వస్తున్నది.

తెలుసుకొనవలసినది

ఈ వరుసను నిచ్చెనగా భావించరాదు. చేప మెట్టు దిగిపోయి ఉభయచరం మెట్టు వచ్చిందనడం పొరపాటు. మలేరిలో చేప, ఉభయచరం, డైనోసారు, క్షీరదాల బంధువు ఒకే కాలంలో జీవించినవి. ఇది కొమ్మలు వేసిన చెట్టు. చేపలనుండి నాలుగు కాళ్ల జంతువులు విడిపోయిన ఘట్టం ఈ లోయకంటె చాలా పాతది. కెనడా ఉత్తరభాగంలో 2004లో దొరికిన టిక్టాలిక్, సుమారు 37 కోట్ల ఏండ్లనాటి ఆ ఘట్టానికి సాక్షి. పక్షులు డైనోసార్ల కొమ్మకే పూసిన రెమ్మ. ఆ లెక్కన బరాపాసారస్ మన ఇంటి తొండకంటె మన ఇంటి కోడికే దగ్గర. అందుచేతనే నేటి శాస్త్రజ్ఞులు పక్షులను సరీసృపాలనుండి విడదీసి వేరే పెట్టెలో పెట్టరు. ఐదు తరగతుల పట్టిక పాఠం ప్రారంభించడానికి పనికివస్తుంది. ముగింపు మాత్రం వంశవృక్షంతోనే జరగవలెను.

ఉపాధ్యాయులు గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. మంచిర్యాల, ఆసిఫాబాదు ప్రాంతాలలో విద్యార్థులకు ఎముకవంటి రాయి కంటబడితే దానిని పెకలించి ఇంటికి తీసుకొనిపోవడం మంచిదికాదు. చోటు గుర్తించి, ఫొటో తీసి, చుట్టూ ఉన్న రాయి రంగు, పొర వ్రాసుకొని, భూగర్భ పరిశోధనశాఖకు తెలియజేయవలెను. పొర వివరం చెదరిపోయినందువలన "కోట-మలేరి" చిక్కు ఎన్నో దశాబ్దాలు నిలిచిపోయింది. ఎముక జంతువు ఏదో చెప్పగలదు. అది ఎప్పుడు బ్రతికిందో, ఎవరితో కలిసి బ్రతికిందో చెప్పేది అది పడుకొన్న పొర మాత్రమే.