హార్ట్‌ఫర్డ్‌లో ఒక జ్ఞానదంతం

పోయిన చలికాలం ఒక సోమవారం పొద్దున అద్దంలో చూసుకుంటే కుడి దవడ బూరెలా పొంగి ఉంది. నోరు రెండు వేళ్ళ సందు కంటే తెరుచుకోవట్లేదు. గుటక వేస్తే చెవిదాకా సలుపు. వీడియో కాల్‌లో అమ్మ చూసి, "లవంగం పెట్టుకో నాన్నా, ఉప్పునీళ్ళు పుక్కిలించు, ముందు డాక్టర్ దగ్గరికి పో" అంది. మొదటి రెండూ వెంటనే చేశాను. మూడోది, ఆఫీసులో రిలీజ్ ఉందని రెండు రోజులు వాయిదా వేశాను. అది తప్పు.

ఎక్స్‌రేలో తేలిందేమిటంటే, కింది జ్ఞానదంతం నిటారుగా రాకుండా పక్క పన్ను మీదికి ఒరిగి, చిగురు కింద సగం ఇరుక్కుపోయింది. ఆ చిగురు మడతలో తిండి, సూక్ష్మజీవులు చేరి చీము పట్టింది. వాపు మెడలోకి దిగినా, ఊపిరి కష్టమైనా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్ళమన్నారు. మందులతో వాపు తగ్గాక పన్ను తీశారు. ముక్కుకి గొట్టం పెట్టి నవ్వు వాయువు ఇచ్చారు, తర్వాత సూది. నొప్పి తెలియలేదు.

మా ఆఫీసు దగ్గర బుష్నెల్ పార్కులో ఒక విగ్రహం ఉంది. లంచ్ టైంలో ఎన్నోసార్లు దాని పక్కనుంచే నడిచాను కానీ ఎవరిదో చూడలేదు. పన్ను తీయించుకున్న తర్వాతి వారం ఆగి చదివాను. హొరేస్ వెల్స్, దంతవైద్యుడు. అక్కణ్ణుంచి తవ్వడం మొదలుపెట్టాను.

కథ ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో మొదలవుతుంది. అక్కడ హంఫ్రీ డేవీ అనే కుర్రాడు నైట్రస్ ఆక్సైడ్‌ని తనే పీల్చి పరీక్షలు చేసేవాడు. అదే సమయంలో అతనికి జ్ఞానదంతం వస్తూ చిగురు వాచి, విపరీతంగా నొప్పి పుట్టింది. వాయువు పీలిస్తే కొన్ని పీల్పుల్లోనే నొప్పి తగ్గింది, మత్తు దిగాక మళ్ళీ వచ్చింది. 1800లో అచ్చయిన పుస్తకంలో ఇదంతా రాసి, శస్త్రచికిత్సల్లో ఈ వాయువు పనికిరావచ్చని కూడా అన్నాడు. అప్పటికి అతని వయసు 21. ఆ సూచనని నలభై ఏళ్ళకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. ఈలోగా ఎంతమంది కుర్చీలో కేకలు పెట్టి ఉంటారో!

1844 డిసెంబరు 10న హార్ట్‌ఫర్డ్‌లో కోల్టన్ అనే ఆయన నవ్వు వాయువు వినోద ప్రదర్శన పెట్టాడు. వాయువు పీల్చి గంతులేసిన ఒకతని కాలికి దెబ్బ తగిలింది, అతనికి ఆ సంగతే తెలియలేదు. చూస్తున్న వెల్స్‌కి విషయం వెలిగింది. మర్నాడే కోల్టన్ చేత వాయువు ఇప్పించుకుని, తోటి దంతవైద్యుడు రిగ్స్ చేత తన పన్ను పీకించుకున్నాడు. అది కూడా జ్ఞానదంతమే!

1845 జనవరిలో బోస్టన్‌లో వైద్య విద్యార్థుల ముందు చేసి చూపించాడు. వాయువు సంచి తొందరగా తీసేశారు, రోగి కేక పెట్టాడు, అందరూ గేలి చేశారు. మా రంగంలో డెమో పాడైతే వచ్చేవారం ఇంకోటి పెట్టుకుంటాం. ఆయనకి ఆ అవకాశం రాలేదు. 1846 అక్టోబరు 16న ఆయన పూర్వ శిష్యుడు మోర్టన్ అదే నగరంలో ఈథర్‌తో గెలిచాడు, పేరంతా అతనికే పోయింది. వెల్స్ తర్వాత క్లోరోఫాం తన మీదే ప్రయోగించుకుంటూ దానికి బానిసయ్యాడు. మతి చెదిరిన స్థితిలో న్యూయార్క్ వీధిలో ఆడవాళ్ళ మీద యాసిడ్ చల్లి అరెస్టయ్యాడు. 1848 జనవరిలో జైల్లోనే ప్రాణం తీసుకున్నాడు. వయసు 33.

1863లో కోల్టనే మళ్ళీ పళ్ళు తీయడానికి ఆ వాయువుని వాడకంలోకి తెచ్చాడు. 1864లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ వెల్స్‌కి గుర్తింపునిచ్చింది. 1875లో ఈ విగ్రహం నిలబెట్టారు.

మా తాతయ్య సంతలో పన్ను పీకించుకున్న కథ చిన్నప్పుడు నవ్వుతూ చెప్పేవాడు. ఇద్దరు భుజాలు పట్టుకున్నారట, ఒకడు పట్కారుతో లాగాడట. మేమూ నవ్వేవాళ్ళం. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావట్లేదు. మందు ఎప్పుడో పుట్టింది, మా తాతయ్య దాకా చేరలేదు, అంతే.

ఇప్పుడు ఆ పార్కులో నడిచినప్పుడల్లా విగ్రహం దగ్గర ఒక నిమిషం ఆగుతాను. మీకెవరికైనా దవడ వాస్తే రిలీజ్ సంగతి తర్వాత చూసుకోండి. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.