ఆడబిడ్డ వాటా: కోర్టుల్లో ఆదివాసీ మహిళ

విత్తనం వేసేది, కలుపు తీసేది, పంట ఇంటికి చేర్చేది ఎక్కువగా మన ఆడబిడ్డలే. అయినా ఆ భూమిలో వారి వాటా నేటికీ వివాదంగానే ఉంది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. మన వారసత్వం మన ఆచారానికే వదిలేశారు. అందువల్ల 1985 సెప్టెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా దక్కినా, 2005లో దేశంలోని కూతుళ్లందరికీ ఆ హక్కు వచ్చినా, అది మన గూడేలకు చేరలేదు.

ఈ అన్యాయంపై 1982లో అప్పటి బీహార్‌లోని ఛోటానాగ్‌పూర్ ఆదివాసీ మహిళల తరఫున సుప్రీంకోర్టులో కేసు వేశారు. 1996 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. మగ సంతతికే భూమి దక్కాలన్న 1908 కౌలు చట్టాన్ని మెజారిటీ న్యాయమూర్తులు కొట్టివేయలేదు. ఆ భూమిపైనే బతికే ఆడవారిని మాత్రం వెళ్లగొట్టరాదన్నారు. జస్టిస్ కె. రామస్వామి వారితో ఏకీభవించక, ఆదివాసీ మహిళకు సమాన వారసత్వం ఉందని రాశారు. మరుసటి ఏడాది మన ప్రాంతపు సమతా కేసులో ఆదివాసీ భూములకు అండగా తీర్పు రాసింది కూడా ఆయనే.

2022 డిసెంబరులో సెక్షన్ 2(2)ను సవరించే విషయం పరిశీలించమని కోర్టు కేంద్రానికి సూచించింది. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు మహిళ వారసుల కేసులో మరో అడుగు పడింది. ఆడవారికి వాటా ఇచ్చే ఆచారం ఉందని వారే రుజువు చేయాలని కింది కోర్టులు అన్నాయి. సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది: వాటా ఇవ్వకూడదనే ఆచారం ఉందని రుజువు కానప్పుడు, సమానత్వమే వర్తిస్తుందని చెప్పింది. అయితే హిందూ వారసత్వ చట్టం తెగలకు వర్తించదని అదే ఏడాది అక్టోబరులో మళ్లీ స్పష్టం చేసింది. అంటే కోర్టు ఇచ్చిన ఆధారం రాజ్యాంగమే.

ఆడపిల్లకు వాటా ఇస్తే పెళ్లి దారిన భూమి గిరిజనేతరుల పాలవుతుందని మన పెద్దలు భయపడతారు. ఆ భయం ఉత్తది కాదు. దానికి మందు 1/70 చట్టాన్ని గట్టిగా అమలు చేయించుకోవడమే తప్ప, ఆడబిడ్డను ఒట్టి చేతులతో పంపడం కాదు. ఆచారం మనది. మార్చుకునే హక్కూ మనదే. కోర్టు మెట్లెక్కే అవసరం లేకుండా గూడెం పంచాయితీలోనే ఆమె వాటా తేల్చుదాం.