నెలకొక తేదీ, రోజుకొక బిళ్ల: పాతపట్నం సీమలో రక్తపోటు మందుల చరిత్ర

రక్తపోటు చికిత్స చరిత్రలో మందును కనిపెట్టడం కంటే, దాన్ని రోజూ మింగే అలవాటును నెలకొల్పడమే కష్టమైన పనిగా మిగిలింది. ధమనుల గోడల మీద రక్తం కలిగించే ఒత్తిడి నిలకడగా 140/90 మిల్లీమీటర్ల పాదరసమట్టానికి చేరినా, దాన్ని దాటినా అది అధిక రక్తపోటు. జనం నోట ‘బీపీ’. నొప్పి, జ్వరం వంటి సూచనేదీ ఇవ్వకుండానే ఇది ఏళ్ల తరబడి గుండెను, మెదడును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. బిళ్ల వేసుకున్న రోజుకూ మానేసిన రోజుకూ రోగికి తేడా తెలియదు కాబట్టి, ఒళ్లు గుర్తుచేయని ఈ మందును బయటినుంచి ఎవరో ఒకరు గుర్తుచేయవలసి వచ్చింది. ఆ గుర్తుచేసే పని ఎవరి చేతుల్లోకి ఎలా మారుతూ వచ్చిందో చూడడానికి శ్రీకాకుళం జిల్లాలోని పాతపట్నం సీమ అనువైన చోటు.

మహేంద్రతనయ నది ఒడ్డున, ఒడిశాలోని పర్లాకిమిడిని ఆనుకుని ఉన్న ఈ ఊరు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు సరిహద్దు ఊరైంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన చిన్న రైలు మార్గం మీద ఉన్నందున ఇక్కడి జనానికి చదువుకూ బేరానికీ వైద్యానికీ అవతలి పట్టణం కొత్తది కాదు. అయితే పట్నం దాటి కొండవైపు సవర గిరిజనుల పల్లెలకు వెళితే దూరం కిలోమీటర్లలో కాక పోగొట్టుకున్న కూలి రోజుల్లో లెక్కకొస్తుంది. నెలనెలా మందు తెచ్చుకోవలసిన జబ్బుకు ఈ లెక్కే మొదటి అడ్డంకి.

విచిత్రమేమంటే ఆధునిక వైద్యం చేపట్టిన తొలితరం రక్తపోటు మందుల్లో ఒకటి భారతదేశపు అడవి మొక్కే. సర్పగంధ వేరుకు రక్తపోటును తగ్గించే గుణం ఉందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ప్రకటించగా, బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ 1949లో ‘బ్రిటిష్ హార్ట్ జర్నల్’లో రాసిన వ్యాసంతో అది ప్రపంచానికి తెలిసింది, 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ఆ వేరు నుంచి రిసెర్పిన్ అనే రసాయనాన్ని వేరుచేశారు. అలవాటు దృష్ట్యా అసలు మలుపు మాత్రం అమ్లోడిపిన్ వంటి మందులతో వచ్చింది. ఒంట్లో అమ్లోడిపిన్ మోతాదు సగానికి తగ్గడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది కనుక రోజుకు ఒక్క బిళ్ల సరిపోయింది. అయినా ఆ ఒక్క బిళ్ల పల్లెకు చేరాలి కదా!

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పథకాన్ని మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. గుండె ఆపరేషన్‌కు సర్కారు సొమ్ము చెల్లించే ఏర్పాటు ముందు వచ్చి, ఆ ఆపరేషన్ అవసరం రాకుండా చూడగలిగిన చవక బిళ్లను గడప దగ్గరికి చేర్చే ఏర్పాటు తరవాత రావడం ఆలోచించదగిన వరుస. ఆ రెండో పని 104 సేవలది. హెల్త్ మేనేజ్‌మెంట్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ప్రభుత్వంతో కలిసి 2007లో 104 నంబరు మీద టెలిఫోన్ వైద్య సలహాను, ఆ వెంటనే నిర్ణీత దిన ఆరోగ్య సేవల పేరుతో సంచార వాహనాలను నడిపింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకు నెలలో ఒక ఖాయమైన తేదీన ‘104 బండి’ వచ్చి, బీపీ, షుగర్ చూసి, మళ్లీ వచ్చేదాకా సరిపోయే బిళ్లలు ఇచ్చి, వివరాలు నమోదు చేసుకుని వెళ్లేది. మందును గుర్తుచేసే తొలి యంత్రం ఉత్తరాంధ్ర పల్లెల్లో చేతిలో పట్టే ఫోను కాదు, రచ్చబండ దగ్గర ఆగే ఈ బండే అనడం అతిశయోక్తి కాదు. తేదీ మారకపోవడమే దాని బలం. బండి రాని నెలలో బిళ్లా లేదు, అలవాటూ లేదు.

ఫోను వంతు తరవాత వచ్చింది. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం ప్రతి మరణానికీ ఇంటివారిని అడిగి కారణం రాబట్టి, గుండె, రక్తనాళాల జబ్బులే మూడింట ఒక వంతు మరణాలకు మూలమని 2006లో వెల్లడించడంతో, బీపీ పట్నపు జబ్బనే నమ్మకం చెదిరింది. ఆ బాటలోనే జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ‘స్మార్ట్‌హెల్త్’ ప్రయోగం చేసింది. అందులో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌తో ఇంటింటికీ వెళ్లి బీపీ కొలిచి, ముప్పు ఎక్కువగా ఉన్నవారిని గుర్తించి డాక్టరుకు పంపేవారు. 2019లో వెలువడిన ఫలితం ఉత్సాహపరులకు చేదుగానే ఉంది: పని చక్కగా సాగినా, రక్తపోటు అదుపులోకి వచ్చినవారి నిష్పత్తిలో చెప్పుకోదగిన తేడా రాలేదు. జబ్బును పట్టుకోవడం ట్యాబ్‌కు సాధ్యమైంది గాని, రోగి వెళ్లేసరికి డాక్టరూ మందూ రెండూ ఉండేలా చూడడం దాని వశంలో లేదు.

రోగి ఫోనుకే సందేశం పంపే పద్ధతి కూడా ఇంతకంటే గొప్ప ఫలితమేమీ చూపలేదు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 1,372 మందిపై జరిపి 2016లో ప్రకటించిన పరీక్షలో సంక్షిప్త సందేశాలు పై అంకెను, అంటే గుండె ముడుచుకున్నప్పటి పీడనాన్ని, సుమారు 2 మిల్లీమీటర్లే తగ్గించాయి. 2018లో ప్రకటించిన, అమెరికాలో 411 మందిపై జరిపిన పరీక్షలో కొందరికి మాత్రల సమయం గుర్తుచేసే యాప్ ఇచ్చి చూస్తే, వాళ్లు చెప్పుకున్న లెక్కన మందు వేసుకునే తీరు కాస్త మెరుగుపడింది గాని బీపీ మారలేదు. తెలుగు పల్లెకు వస్తే అదనపు చిక్కులున్నాయి. ఇంగ్లీషు సందేశంలో 160 అక్షరాలు పడితే తెలుగు లిపికి 70 స్థానాలే దక్కుతాయి. గుణింతానికీ ఒత్తుకూ వేర్వేరు స్థానాలు కావాలి కనుక ‘మాత్ర’ అనే రెండక్షరాల మాటే ఐదు స్థానాలు మింగుతుంది. 2011 జనగణన ప్రకారం శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత దాదాపు 62 శాతం. పెద్దవయసు వారిలో చదవగలిగినవారు ఇంకా తక్కువ. ఇలాంటి చోట రాతకన్నా గొంతే నయం, ఆ గొంతు రికార్డు చేసినదిగా కాక ఊరి ఆశాదైతే మరీ నయం.

2020 నుంచి వచ్చిన ఏర్పాట్లు ఈ సంగతిని కొంతవరకు పట్టించుకున్నాయి. 2020 జూలై 1న రాష్ట్రంలో 1,088 కొత్త 108 అంబులెన్సులు, 104 వాహనాలు రోడ్డెక్కాయి; 2023 ఏప్రిల్ 6న మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో 104 వాహనంతోపాటు డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి రావాలని నిర్ణయించారు. ఇళ్లలో తీసిన బీపీ అంకెలు ఏఎన్ఎంల ట్యాబుల్లోకి చేరాయి. ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు పెచ్చుమీరిన ఈ జిల్లాలో ఈ నమోదుకు మరింత విలువుంది, ఎందుకంటే అదుపు తప్పిన బీపీ మూత్రపిండాలను చెడగొడితే, చెడిన మూత్రపిండాలు తిరిగి బీపీని పెంచుతాయి.

వలస మాత్రం ఈ ఏర్పాటుకు పూర్తిగా లొంగలేదు. హైదరాబాదుకో చెన్నైకో పనికి వెళ్లిన కూలీ, గుజరాత్ తీరానికి వేటకు వెళ్లిన మత్స్యకారుడు తమ ఊరికి బండి వచ్చే రోజున ఊళ్లో ఉండరు. పాతపట్నంవాసి పర్లాకిమిడి మందుల దుకాణంలో కొన్న బిళ్ల ఆంధ్ర ట్యాబ్‌కు తెలియదు. రాష్ట్రాల హద్దులు దాటి వైద్య వివరాలను కలిపేందుకు 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభించిన డిజిటల్ ఆరోగ్య పథకం కోరిన ప్రతి మనిషికీ 14 అంకెల ‘ఆభా’ సంఖ్య ఇస్తుంది. అయితే ఆ సంఖ్య కింద ఏదైనా చేరాలంటే అమ్మినవాడో రాసిచ్చినవాడో దాన్ని నమోదు చేయాలి. చీటీ లేకుండానే పది బిళ్లల అట్ట చేతిలో పెట్టే దుకాణానికి ఇంకా ఆ అవసరం కనబడడం లేదు.